లోపలి ప్యాడ్

పళ్ల వ్యాపారంలో బుట్ట బోర్లించి చూడనివాడు నిలవడు. పైవరస ఎవడైనా అందంగానే పేరుస్తాడు. అయితే అమ్మేవాడు అక్క మొగుడైతే మాత్రం బోర్లించకూడదు. మా లైనులో అది కట్టుబాటు. బోర్లిస్తే సరుకు సంగతి తెలుస్తుంది, చుట్టరికం పోతుంది. చుట్టరికానికి మళ్లీ లోడు రాదు.

మా బావ తన పెద్ద కారు అమ్మేస్తానన్నాడు. నాకు కావాలి. నడిపేది నా భార్య. మా గోదాము కొండ మీద, అంగడి కొండ కింద. సరుకుతో దిగే దారంతా వాలే. అందుకని కొండ కింది తన ఇంటి నుంచి బావ బండిని గోదాముకు తెచ్చినప్పుడు నేను అడిగింది ఒక్కటే, బ్రేకుల సంగతి.

"ముందువి మొన్ననే మార్పించా. వెనకవి అరగవు. కావాలంటే చూసుకో," అంటూ బావ కుడి వెనక చక్రం సందులోకి టార్చి కొట్టాడు.

చక్రంతో పాటు తిరిగే డిస్కుకు బయటివైపు, దాన్ని ఒరిసి ఆపే ప్యాడ్ కనిపించింది. మందంగా, దిట్టంగా ఉంది.

"చూశావా?"

"నిండుగా ఉంది బావా."

నా భార్య బండిని ఒక చుట్టు తిప్పి తెచ్చింది. దిగి, వెనక చక్రాల దగ్గర అరచేయి ఆనీ ఆనకుండా పెట్టి చూసింది. కుడివైపు పెట్టిన చేయి వెంటనే లాగేసుకుంది.

"ఇది పొయ్యిలా కాలుతోంది. ఎడమది చల్లగానే ఉంది," అంది నా చెవిలో. "దీన్ని నేను కొండ దింపను."

"చక్రం ఊడదీయమంటే అక్క నాతో మాటలు మానేస్తుంది."

"లోయలో పడితే నేనూ మానేస్తాను."

రెండు నష్టాల్లో ఏది పెద్దదో తెలిసిపోయింది. బావ దగ్గరికి వెళ్లాను.

"బావా, టైర్లు ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మారుద్దాం. ఎలాగూ చేయించాల్సిందే కదా."

"మంచి ఆలోచన," అన్నాడు బావ.

మెకానిక్ షెడ్డు గోదాము పక్కనే. అతను కుడి వెనక చక్రం తీశాడు. బయటి ప్యాడ్ నేను చూసినట్టే ఉంది. డిస్కుకు అవతలివైపున్న లోపలి ప్యాడ్ మాత్రం అరిగి అరిగి ఇనపరేకు మిగిలింది. ఆ రేకు డిస్కు మీద చాళ్లు దున్నేసింది. ప్యాడ్లను పట్టి నొక్కే కాలిపర్ అటూ ఇటూ జరగడానికి పిన్నులుంటాయి. అవి తుప్పు పట్టి బిగుసుకుపోయాయి. దాంతో చాకిరీ అంతా లోపలిదే చేసింది.

మెకానిక్ టీ తాగడానికి వెళ్లిపోయాడు. చుట్టాలతో అతనికి అనుభవం ఉన్నట్టుంది.

"ఇందులోనే మీ అక్కని తిప్పాను," అన్నాడు బావ. రేకు మీదికి వంగి చూసి, "పైగా వెనకవి అరగవన్నాను."

"పాత బండ్లకి అంతే అన్నయ్యా," అంది నా భార్య. "ఇప్పటివి జారకుండా వెనక బ్రేకులు వాటంతటవే పట్టుకుంటూ ఉంటాయట."

బావ తప్పు దిద్దుకోవాలనుకున్నాడు. కొత్త ప్యాడ్లు పట్టాలంటే వాటిని తోసే పిస్టన్ వెనక్కి పోవాలి. బల్ల మీది క్లాంపు తీసుకుని పిస్టన్‌కు తగిలించి బిగించబోయాడు. మెకానిక్ టీ గ్లాసుతోనే పరుగెత్తుకొచ్చాడు.

"ఆగండి సార్! హ్యాండ్ బ్రేకు మోటారు దానికే ఉంది. బండికి చెప్పకుండా తోస్తే లోపలి గేరు పళ్లు రాలతాయి."

"బండికి చెప్పడమేంటయ్యా, అదేమైనా మా బావమరిదా?"

మెకానిక్ ఒక చిన్న పెట్టె వైరు బండికి తగిలించి మీటలు నొక్కాడు. వెనక ఏదో గుర్రుమంటూ జరిగింది.

"చెప్పా సార్. ఇప్పుడు తోయండి."

పిన్నులు శుభ్రం చేసి గ్రీజు రాశారు. రెండువైపులా కొత్త డిస్కులు, కొత్త ప్యాడ్లు వేశారు. ఖర్చు బావే పెట్టాడు. నేను మొహమాటానికి వద్దన్నాను, ఒక్కసారే.

చక్రాలు బిగించాక బావ బండి చుట్టూ తిరిగి వచ్చాడు.

"టైర్లు మార్చలేదేం?"

నేను షెడ్డు కప్పు వైపు చూశాను.

"చక్రం తీయమని నేరుగా అడిగితే కొరికేవాణ్ణా?"

"బాధపడతారని, బావా."

"ఇప్పుడు పడలేదా?"

నేను పాత ప్యాడ్లు ఏరడం మొదలుపెట్టాను.

నా భార్య పెడల్ గట్టిపడేదాకా తొక్కి, "అన్నయ్యా, కొండ దిగి చూద్దాం రండి," అంది. బావ ముందు సీట్లో కూర్చున్నాడు. నేను వెనక తలుపు లాగాను. రాలేదు. లోపలి నుంచి లాక్ వేసుంది.

వాలు మొదట్లో నిలబడి చూశాను. బండి దిగింది. ఎర్రదీపాలు వెలిగాయి, ఆగింది. మళ్లీ కదిలి మళ్లీ ఆగింది. మలుపు తిరిగి మాయమైంది. కాసేపటికి ఫోను మోగింది.

"బ్రేకులు బాగున్నాయి," అన్నాడు బావ. "మీ అక్క భోజనానికి రమ్మంటోంది. చెల్లెమ్మా నేనూ వెళ్తున్నాం. నువ్వు నడిచి రా."

"చాలా దూరం కదా బావా?"

"అంతా దిగుడే."

భోజనానికి పిలిచాడు. నడక మొదలుపెట్టాను.