ఆరు గంటల రూలు

జోస్నాకి నైట్ డ్యూటీ ఉన్న రోజు మా మెట్ల కింద పులిహోర పోపు వాసన వస్తుంది. వాళ్లమ్మ లింగమ్మ మా ఇంటి కింది గదిలో చీరలకు ఫాల్, పికో కుట్టే షాపు పెట్టుకుంది. వెనక గదిలో కాపురం. సాయంత్రమయ్యేసరికి మిషను ఆపేసి కూతురికి క్యారియర్ కడుతుంది. చల్లారినా పాడుకానిదే కడుతుంది. "వార్డుల ఎప్పుడు తింటదో ఏమో అక్కా, దానికే తెల్వది" అంటుంది.

జోస్నా బీఎస్సీ నర్సింగ్ చివరి సంవత్సరంలో ఉంది. ఎల్బీనగర్ దాటి హయత్‌నగర్ వెళ్లే దారిలో వాళ్ల కాలేజీ. పక్కనే ఆ కాలేజీ వాళ్లదే ఆసుపత్రి. ఈ ఏడాది మలేషియాలో ఒక ఆసుపత్రితో ఒప్పందం కుదిరి, పరీక్ష పెట్టి పన్నెండు మందిని రెండు నెలల క్లినికల్ ట్రైనింగ్‌కి ఎంపిక చేశారు. జోస్నా పేరు మొదట ఉంది.

"అక్కడ మూడు షిఫ్టులు చేసినోళ్లకే ట్రైనింగ్ సర్టిఫికెట్ ఇస్తరు ఆంటీ. అది ఉంటే చదువు అయిపోయినంక అక్కడనే నౌకరికి పిలుస్తరు. షిఫ్టులు తక్కువైతే అబ్జర్వర్ అని రాసిస్తరు."

"అబ్జర్వర్ అంటే?"

"చేతులు కట్టుకొని చూసుడు. పేషెంటును ముట్టనియ్యరు. గంత దూరం పోయి గోడకు పోస్టర్ లెక్క నిలబడాలె."

వెళ్లే ముందు తల్లిదండ్రులిద్దరూ మీటింగుకి రావాలని కాలేజీ వాళ్లు కబురు పెట్టారు. జోస్నా నాన్న స్తెఫను ఎలక్ట్రీషియన్. పెద్ద అంబర్‌పేట్‌లో ఏదో అపార్ట్‌మెంటుకి వైరింగ్ చేస్తున్నాడు, ఆ రోజు రావడానికి కుదరదన్నాడు. లింగమ్మ పైకి వచ్చింది.

"మీరే రావాలె అక్కా. వాళ్లు ఇంగ్లీషుల మాట్లాడి సంతకం పెట్టుమంటరు. నేను పెట్టొస్త. ఆనక మీరు తిడ్తరు."

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి ఎల్బీనగర్‌లో దిగాం. అక్కడి నుంచి షేర్ ఆటో. హాల్లో కుర్చీలు కొత్తవి, వాటికి ప్లాస్టిక్ కవర్లు ఇంకా తీయలేదు. కూర్చున్నవాళ్లకి చెమటలు పడుతున్నాయి. ముందు వరుసల్లో తల్లిదండ్రులు, వెనక పిల్లలు. స్టేజీ మీద కరస్పాండెంట్ పట్టాభి గారు కూర్చున్నారు. ప్రిన్సిపాల్ ఉదయలక్ష్మి గారికి కుర్చీ వేయలేదో, ఆవిడే కూర్చోలేదో గానీ, పక్కన నిలబడి ఉన్నారు.

రూల్స్ కాగితాలు పంచారు. మొదటి పేజీ చదివితే నాకేమీ తప్పనిపించలేదు. రోగుల ఫోటోలు తీయకూడదు. మోచేతి కింద గాజులు, ఉంగరాలు, వాచీ ఉండకూడదు. గోళ్లు పెంచకూడదు. అక్కడి స్టాఫ్ నర్సు పక్కన లేకుండా విద్యార్థులు ఇంజక్షన్ ఇవ్వకూడదు. అవన్నీ ఉండవలసినవే. రెండో పేజీ మధ్యలో ఆగిపోయాను. ఆడపిల్లలు సాయంత్రం ఆరు గంటలకల్లా వసతికి చేరాలి, వారికి రాత్రి డ్యూటీ ఉండదు. మగపిల్లలు ఆసుపత్రి షిఫ్టుల ప్రకారం పనిచేయాలి.

లింగమ్మ చెవిలో ఆ రూలు చెప్పాను.

"ఆరింటికి రూముకు పోతే మూడు షిఫ్టులెట్లయితయి?"

"కావు."

"అంటే గోడకు పోస్టరేనా?"

"అంతే."

పన్నెండు మందిలో మగపిల్లలు ఇద్దరే. మిగతా పదిమందినీ ఒక్క వాక్యంతో గోడకి నిలబెట్టేశారు.

పట్టాభి గారు మైకు అందుకున్నారు. "మీ ఆడపిల్లల్ని మా సొంత పిల్లల్లా చూసుకుంటాం. పరాయి దేశంలో రాత్రిపూట ఆడపిల్లల్ని డ్యూటీకి పంపడం మన సంస్కృతి కాదు. భద్రత విషయంలో రాజీ పడే ప్రసక్తే లేదు."

మా ముందు కూర్చున్న యోగేందర్ అనే ఆయన చప్పట్లు కొట్టాడు. ఆయనకున్నది కొడుకు.

నేను లేచాను. "ఒక సందేహమండీ."

"మీరెవరి పేరెంట్?"

"జోస్నా వాళ్ల నాన్న బదులు వచ్చాను. పేరు శ్రీకళ."

"పేరెంట్స్ మాత్రమే మాట్లాడాలమ్మా. కూర్చోండి."

లింగమ్మ లేచి నిలబడింది. "నేను పేరెంటునే సార్. మా అక్క అడిగేదే నేను అడుగుతున్న. జర అడగనియ్యండి."

హాల్లో నవ్వులు వినిపించాయి. నేను అడిగాను. "మీ ఆసుపత్రిలో ఈ ఆడపిల్లలు నైట్ డ్యూటీలు చేస్తున్నారా లేదా?"

"అది వేరు. అది మన క్యాంపస్."

"మా జోస్నా చీకటి పడ్డాక ఎల్బీనగర్‌లో దిగి, హైవే పక్కన షేర్ ఆటో కోసం ఒక్కతే నిలబడుతుంది. ఆ హైవే కూడా మీ క్యాంపసేనా?"

ఆయన రూల్స్ కాగితం తిరగేశారు. నేను తల్లుల వైపు తిరిగాను. "ఈ వారంలో కూతురికి నైట్ క్యారియర్ కట్టినవాళ్లు ఎవరెవరండీ?"

ముందు లింగమ్మ చెయ్యెత్తింది. తర్వాత ఒకావిడ, "నిన్ననే కట్టిన, బెండకాయ" అంది. ఇంకొకావిడ, "మాది ఇయ్యాల" అంది. ఈరమ్మ అనే ముసలామె రెండు చేతులూ ఎత్తింది. "నా మన్మరాలికి కట్టీ కట్టీ నా చేతులు గుంజుతున్నయి బిడ్డా. పొద్దుగాల ఒచ్చి పీనుగు లెక్క పంటది ఆ పిల్ల." హాలంతా చేతులే.

పట్టాభి గారు మైకు నోటికి మరింత దగ్గరగా పెట్టుకున్నారు. "పాలసీ అంటే పాలసీ. ఇష్టం లేనివాళ్లు చెప్పండి, పేరు తీసేస్తాం. వెయిటింగులో చాలామంది ఉన్నారు."

చేతులు దిగిపోయాయి. ఈరమ్మ మాత్రం ఆయన అన్నది అర్థం కాక, పక్కావిడ లాగేదాకా అలాగే ఉంచింది. ఆయన మాట విన్నప్పటికన్నా ఆ చేతులు దిగిపోవడం చూసినప్పుడే నాకు ఎక్కువ మండింది. పిల్లలు కష్టపడి తెచ్చుకున్న సీటుని చూపించి కన్నవాళ్ల నోళ్లు మూయించడం ఆయనకి బాగా అలవాటైన పనిలా ఉంది.

వెనక వరుసలో జోస్నా లేచింది.

"సార్, గీ రూలు మంచిదే. ఇయ్యాల్టి సంది ఇక్కడ గూడ పెట్టండి."

"ఏంటమ్మా?"

"రాత్రి డ్యూటీ మన సంస్కృతి కాదన్నరు గద సార్. ఇయ్యాల నైట్ మెడికల్ వార్డుల నేను, జ్యోతిక ఉన్నం. ఆరు దాటినంక మేం రాం. పేషెంట్లను ఒదిలిపెట్టి పోయిన్రని రేపు మమ్మల్ని అనొద్దు. ఇంక పొద్దుగాలనే ఉన్నది, స్టాఫును పెట్టుకునేటందుకు టైమున్నది. అందుకే ముందే చెప్తున్న."

జ్యోతిక లేచింది. ఆమె వెనక మరో ఇద్దరు. తర్వాత మిగిలినవాళ్లందరూ. యోగేందర్ కొడుకు రంజిత్ కూడా లేచి, "సార్, అయితే అన్ని వార్డులు మేమిద్దరమే తిరగాల్నా?" అన్నాడు. వాళ్ల నాన్న వెనక్కి తిరిగి కళ్లెర్రజేశాడు. వాడు కూర్చోలేదు.

ఉదయలక్ష్మి గారు కరస్పాండెంట్ వైపు వంగారు. "ఈ రాత్రికి వార్డుల్లో ఎవర్ని పెట్టమంటారు సార్? మనకున్న నైట్ స్టాఫ్ ఇద్దరేనండీ. అందులో ఒకమ్మాయి సెలవులో ఉంది."

ఆవిడ గొంతు తగ్గించలేదు. కావాలనే తగ్గించలేదని నా నమ్మకం.

పట్టాభి గారు లేచి లోపలికి వెళ్లారు. మాకు టీ ఇచ్చారు. అందరం తాగేశాక ఆయన తిరిగొచ్చి, తల్లిదండ్రుల అభిప్రాయాల్ని గౌరవించి ఆ రూలు తీసేస్తున్నామని, అయితే ఆడపిల్లల తల్లిదండ్రులు పూర్తి బాధ్యత తమదేనని రాసివ్వాలని చెప్పారు.

"మగపిల్లల తల్లిదండ్రులు కూడానా?" అన్నాను.

"మేమెందుకు రాయాలె?" అన్నాడు యోగేందర్.

"మీ పిలగాడు రాత్రిపూట తప్పిపోడా అన్నా? దారిల లైట్లేసి పెడ్తరా?" అంది లింగమ్మ. ఈసారి నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది. చివరికి ఎవరూ ఏమీ రాసివ్వనక్కర్లేదన్నారు. నోటిమాట వద్దన్నాను నేను. ఉదయలక్ష్మి గారు ప్రతి కాగితం మీదా ఆ వాక్యం కొట్టేసి, పక్కన సంతకం పెట్టారు. అప్పుడు లింగమ్మ తన సంతకం పెట్టింది.

సాయంత్రం లింగమ్మ మిషను ఆపేసింది. మెట్ల కింద పోపు వాసన వచ్చింది. రూలు తీసేశారు కాబట్టి జోస్నా డ్యూటీకి బయల్దేరింది. నేను మెట్రో దాకా తనతో నడిచాను.

"వార్డులో ఎంతమంది ఉంటారు?"

"ముప్పై మంది దాక ఉంటరు ఆంటీ. నేను, జ్యోతిక చూసుకుంటం."

"ఇంజక్షన్లు కూడా మీరేనా?"

"మేమే."

"మరి స్టాఫ్ నర్సు?"

"పై ఫ్లోర్ల ఉంటది. ఫోన్ చేస్తే ఒస్తది, తీరికుంటే." క్యారియర్ ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంది. "అక్కడ మా పక్కన స్టాఫ్ నిలబడి ఉంటదట. మనం సూదిల మందు తీసేటప్పుడు డోసు ఆమె గూడ చూస్తదట. ఒక్కసారన్న అట్ల చేసి చూడాలె అని ఉన్నది ఆంటీ. ఇక్కడ ప్రతిసారి భయమైతది."

తను మెట్లెక్కి వెళ్లిపోయింది. మలేషియాలో ఎలా పనిచేయాలన్నది తేల్చుకుని వచ్చాం గానీ, హయత్‌నగర్ దారిలో ఆ రాత్రి ముప్పైమంది రోగుల్ని ఇద్దరు చదువుకునే పిల్లల చేతుల్లో పెట్టి ఊరుకున్నామని అప్పటిదాకా నాకు తట్టలేదు. మొదటి పేజీ అంతా బాగుందనుకుంటూ చదివాను. స్టాఫ్ నర్సు పక్కన ఉండాలన్న రూలు ఆ పేజీలోనే ఉంది. అది ఇక్కడ ఎందుకు లేదని ఒక్కరం కూడా అడగలేదు.

ఇంటికి వచ్చేసరికి లింగమ్మ షాపు షట్టరు దించుతోంది. జోస్నా చెప్పింది చెప్పాను. షట్టరు సగంలో వదిలేసి నిలబడింది.

"నాకెప్పుడు చెప్పలే అక్కా అది."

"సోమవారం మళ్లీ కాలేజీకి వెళ్తున్నాను. వస్తావా?"

"ఒస్త. మనిద్దరమే పోతే మళ్ల కూసోమంటడు." షట్టరు కిందికి లాగి తాళం వేసింది. "క్యారియర్ కట్టినోళ్లందర్ని తీస్కపోదాం. ఆ ముసలామె ఫోన్ నంబరు నేను తీసుకున్న."