గంట మీది శుక్రవారం

బాబాయి తువ్వాలు విప్పి కంచు గంటను ఆమె బల్ల మీద పెట్టాడు. బావి తవ్వుతుంటే దొరికిందట. మ్యూజియంలో పాత తేదీలను నేటి లెక్కలోకి మార్చడం ఆమె ఉద్యోగం. గంట అంచున మూడు వందల ఏళ్ల నాటి ఇంగ్లీషు తేదీ, పక్కనే శుక్రవారం అని చెక్కి ఉన్నాయి.

ఆ కాలంలో ఇంగ్లీషువాళ్లు వాడిన పాత క్యాలెండరు ప్రకారం అది ఏ వారమో ఆమె లెక్క కట్టింది. శుక్రవారం రాలేదు. మళ్లీ కట్టినా రాలేదు. మనసు కీడు శంకించింది. ఈసారి, ఆ తర్వాతెప్పుడో అమల్లోకి వచ్చిన ఇప్పటి క్యాలెండరును వెనక్కి లెక్కపెట్టి చూసింది. సరిగ్గా శుక్రవారమే వచ్చింది.

“ఈ అక్షరాలు ఎవరు చెక్కారు బాబాయ్?”

“నాకేం తెలుసమ్మా, ఆ కాలం వాళ్లెవరో.”

“ఆ కాలంలో ఈ క్యాలెండరు మన దగ్గరికి రానేలేదు. ఎవరో ఫోనులో వారం చూసి చెక్కారు.”

బాబాయి ముఖం మాడిపోయింది. చిన్నప్పుడు తనను భుజాల మీద మోసిన మనిషి. ఆమె చూపు తిప్పుకుంది. ఆయన గంటను మూటగట్టి, గుమ్మం దగ్గర ఆగాడు.

“ఇంతకీ అసలు ఏ వారమమ్మా అది?” అన్నాడు, ఊరికే అడుగుతున్నట్టు.

నోటిదాకా వచ్చిన వారం పేరును ఆమె మింగేసింది.

“గుర్తులేదు బాబాయ్” అంది.