చేపల తొట్టికి డాక్టరు

ఏటా ఒక ఆదివారం పొద్దున మా ఆయన చొక్కాలు ఇస్త్రీ చేస్తూ ఆయన హోటలు లెక్కలు చదివిపెట్టడం నా పని. ఆయన అక్కడ అకౌంటెంటు. ఏడాదికి సరిపడా ముందే కట్టేసిన ఖర్చుల జాబితా నేను చదవాలి, ఆయన టిక్కు పెట్టుకుంటారు. తొమ్మిదితో ఆగిన నా చదువు దీనికైనా పనికొచ్చిందని ఆయన హాస్యం. ఈసారి మేనేజరు ప్రతి ఖర్చూ విడదీసి, పోయినేటికీ ఈ ఏటికీ ఏం మారిందో రాయమన్నాడట. అందుకని జాబితా చాంతాడంత ఉంది.

లిఫ్టు బాగోగులకి ఏడాది సొమ్ము. జనరేటరుకి ఏడాది సొమ్ము. ముందు హాల్లో చేపల తొట్టికి నెలకోసారి డాక్టరు, అదీ ముందే కట్టేశారు. చేపలకి డాక్టరు! నా కడుపు మండిపోతుంది. లిఫ్టు కిర్రుమనకముందే మనిషి వచ్చేస్తాడు. నా మెడ కింద నాలుగు నెలలుగా గోలీకాయంత గడ్డ తగులుతోందంటే మాత్రం, "నీకు తుమ్మొచ్చినా చావే కనిపిస్తుంది" అంటారు. అత్తయ్యయితే, "నలుగుర్ని కన్నాను, ఒక్కనాడు ఆస్పత్రి గడప తొక్కానా?" అంటుంది. సవతి ఉంటే జుట్టయినా పట్టుకోవచ్చు, హోటల్ని ఏం పట్టుకోను? లిఫ్టు ఆగిందని ఫోనొస్తే కంచం ముందునుంచి లేచిపోతారీయన. నేను అద్దం ముందు మెడ తడుముకుంటూ, నేను పోతే పిల్లకి జడ ఎవరు వేస్తారు, నా తర్వాత వచ్చేది మెల్లిగా వేస్తుందా, జుట్టు ఊడేలా లాగుతుందా అని అంతదాకా వెళ్ళిపోతాను.

అన్నిటికంటే వాళ్ళ హోటలు వంటాయన భార్యని చూస్తే నాకు కుళ్ళు. ఏటా మొగుణ్ణి వెంటేసుకుని పెద్ద ప్రైవేటు ఆస్పత్రికి వెళ్ళొస్తుంది. "పైనుంచి కిందిదాకా అన్నీ చూశారు వదినా" అంటుంది, సినిమాకి వెళ్ళొచ్చినంత సంబరంగా. "వాళ్ళకి డబ్బెక్కువై" అనేవారు ఈయన. అది నమ్మి ఆవిడ నవ్వితే తిరిగి నవ్వడం కూడా మానేశాను.

"తర్వాత?" అన్నారాయన.

"సిబ్బంది భార్యాపిల్లలకి ఏడాది ఆరోగ్య పరీక్షలు. పోయినేడు పన్నెండు కుటుంబాలకి. ఈ ఏడు..." గీత ఉందక్కడ. "ఏమీ లేదు."

"ఆఁ, తీసేశాం. ఎవరూ పెద్దగా వెళ్ళట్లేదు. తర్వాతది చదువు."

ఇస్త్రీపెట్టె ఎత్తి నిలబెట్టాను. "ఆ పన్నెండులో మనం ఉన్నామా?"

ఆయన పెన్ను ఆగింది. "ఉంటాం. అందరూ ఉంటారు."

"ఎన్నేళ్ళనుంచి?"

"ఐదారేళ్ళు. నీకెందుకులే అని చెప్పలేదు. అసలే భయస్తురాలివి. డాక్టర్లు ఏదో ఒకటంటారు, నువ్వు ఇల్లు నెత్తికెత్తుకుంటావు. పైగా నువ్వు రోజంతా అక్కడ కూర్చుంటే ఇక్కడెవరు చూస్తారు?"

అంటే వంటాయన భార్య ఏటా వెళ్ళొచ్చేది ఈ సొమ్ముతోనే. ఇన్నేళ్ళూ నా డాక్టరుక్కూడా ముందే కట్టేశారు. చేపలకి మధ్యలో మొగుడు లేడు, అంతే తేడా.

"పోయినేడు కట్టింది ఎప్పటిదాకా చెల్లుతుంది?"

"నెలాఖరుదాకా. ఎందుకూ?"

నెలాఖరుకి నాలుగు రోజులున్నాయి. నాకు ఎప్పుడూ చెడే ముందు తోస్తుంది. ఇప్పుడూ తోచింది. ఆ భయంతోనే వంటాయన భార్యకి ఫోను చేశాను.

"రేపు నాతో ఆస్పత్రికి వస్తావా వదినా?"

"హమ్మయ్య, ఇన్నేళ్ళకి నోరు తెరిచావు! ఏడింటికల్లా వస్తా. పరగడుపున ఉండు."

ఆయన జాబితా వదిలేసి నావంకే చూస్తున్నారు. "రేపా? రేపు నాకు ఆ తెల్ల చొక్కా కావాలి."

"ఒక చెయ్యి అయింది. రెండోది మీరు చేసుకోండి, పెట్టె ఇంకా వేడిగానే ఉంది," అన్నాను. "పొద్దున పిల్లకి జడ కూడా మీరే వెయ్యాలి. లాగకుండా వెయ్యండి. నేర్చుకుని ఉండండి, ఎందుకైనా మంచిది."