నాలుగో నంబరు కిటికీ

నా భార్య మోయిరా పోయిన రోజు నేను ఐదో తరగతికి రోమన్ అంకెలు చెబుతున్నాను. ఐదుకి ఎడమ పక్కన గీత ఉంటే నాలుగు, కుడి పక్కన ఉంటే ఆరు. బోర్డు మీద రెండూ రాసి, ఎటు నుంచి చదువుతున్నారో చూసుకోండి అన్నాను. అప్పుడే ఆఫీసులోంచి ఒకావిడ వచ్చి తలుపు దగ్గర నిలబడింది. లోపలికి రాలేదు. సుద్దముక్క కింద పెట్టి నేనే వెళ్లాను.

ఇంటికి చేరేసరికి ఆమెను తీసుకెళ్లిపోయారు. ఆమె పనిచేసే షెడ్డులో లాకీ ఒక్కడే స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. మోయిరాకి వడ్రంగం నేర్పినవాడు. ప్రతి మంగళవారం పది గంటలకు ఆమెతో టీ తాగడానికి వచ్చేవాడు. ఆ రోజూ అలాగే వచ్చి, బల్ల పక్కన పడి ఉన్న ఆమెను చూశాడు. తలలో నరం చిట్లిందని తర్వాత చెప్పారు. బల్ల మీద అద్దాలు బిగించే లప్పం ముద్ద ఉంది. వేలితో నొక్కితే ఇంకా మెత్తగానే ఉంది.

మోయిరా పని పాత కిటికీలు బాగుచేయడం. డునెడిన్ కొండల మీద నూరేళ్లు దాటిన కర్ర ఇళ్లు చాలా ఉన్నాయి. వాటి కిటికీలకు పైకీ కిందికీ జరిగే రెక్కలు, గోడ లోపల తాళ్లకు వేలాడే ఇనుప గుండ్లు. ఆ గుండ్ల బరువూ రెక్క బరువూ సరిగ్గా సరిపోతేనే రెక్క ఎక్కడ ఆపితే అక్కడ నిలుస్తుంది. పదిహేనేళ్లు ఊళ్లోవాళ్ల కిటికీలన్నీ చేసి, మా ఇంటివి మాత్రం వచ్చే ఏడాది అంటూ వచ్చింది. చివరికి ఆ మార్చిలో రెండు కిందిరెక్కలు ఊడదీసింది, ముందు గదిది ఒకటి, మా అమ్మాయి ఎఫీ గదిది ఒకటి. ఆ ఖాళీల్లో ప్లైవుడ్ బిగించి, "పది రోజులు ఓర్చుకోండి, మహారాజులారా" అంది. అది శుక్రవారం. తర్వాతి మంగళవారమే పోయింది.

ప్లైవుడ్ అలాగే ఉండిపోయింది. ఏప్రిల్ గడిచింది, మే వచ్చింది, ఇక్కడ చలికాలం మొదలయ్యే నెల. ఎఫీకి పదకొండేళ్లు. చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. ఈ దక్షిణార్ధగోళంలో ఎండ ఉత్తరం నుంచి వస్తుంది, ఆ వైపు ఉన్నది దాని గది ఒక్కటే. చలికాలంలో ఇంట్లో ఎండ తగిలేది అక్కడే. ఆ ఎండకి ఇప్పుడు చెక్క అడ్డం. గోడ మూలల్లో నల్లగా బూజు పట్టింది. నేను తుడిచేవాణ్ణి, వారానికల్లా మళ్లీ వచ్చేది. నా గదిలో పడుకోమంటే, "అందులో ఇంకా చలి నాన్నా, చేపల దుకాణంలా ఉంటుంది," అనేది. అది నిజమే.

మే రెండో వారంలో ఒక తెల్లవారుజామున దాని గొంతులో పిల్లికూతలు నా గదిలోకి వినిపించాయి. వెళ్లి చూస్తే పెదవులు రంగు మారి ఉన్నాయి. మూడు రోజులు ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ నన్ను వరండాలోకి పిలిచింది.

"గది పొడిగా ఉండాలి. వెచ్చగా ఉండాలి. రోజూ కాసేపు కిటికీ తెరిచి గాలి ఆడనివ్వాలి. ఈ చలికాలంలో ఇంకోసారి ఇలా వస్తే..." అని ఆగింది. నేను అడగలేదు.

ఆ శుక్రవారం బడి అయ్యాక అల్యూమినియం కిటికీల కంపెనీ మనిషి వచ్చాడు. ప్లైవుడ్ ఊడదీసి చట్రంలో వేలు పెట్టి చూశాడు. పైరెక్కను ఊపి చూశాడు.

"వీటిని కిటికీలంటారా సార్? జల్లెడలు. చట్రంతో సహా మొత్తం పీకేద్దాం. రెండు పొరల అద్దం పెడతాను. మూడు వారాల్లో పాప గది ఓవెన్‌లా ఉంటుంది."

"చట్రం కూడా తీయాలా?"

"అది ఉంచి మేం చేసేదేం లేదు సార్. సోమవారం మధ్యాహ్నంలోపు చెప్పండి. ఆ తర్వాతైతే ఆగస్టే."

అతను వెళ్లాక ఎఫీ దుప్పటి కప్పుకుని తలుపు దగ్గర నిలబడింది.

"ఏమంటావు?" అన్నాను.

"నన్నడుగుతావేంటి? పెద్దవాడివి నువ్వు."

"అమ్మ ఒప్పుకునేది కాదు."

"అమ్మ అయితే ఈపాటికి చేసేసేది," అని పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

శనివారం పొద్దున షెడ్డు తాళం తీశాను. ఆ రోజు తర్వాత లోపలికి వెళ్లడం అదే మొదటిసారి. రెండు రెక్కలూ ఉన్నాయి. ఒకదానికి అద్దం లేదు, అడుగు కర్ర లేదు, ఖాళీ అస్థిపంజరంలా గోడకి ఆనించి ఉంది. రెండోది బల్ల మీద సిద్ధంగా ఉంది. కొత్త అడుగు కర్ర, అద్దం, చుట్టూ ఆమె బొటనవేలితో దిద్దిన లప్పం. రెండు నెలల్లో గట్టిపడింది. దాని మీద చాలాసేపు చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను.

ఈ ఇల్లు కట్టిన వడ్రంగి ప్రతి రెక్క పైఅంచునా, దాని చట్రం మీదా ఉలితో ఒకే రోమన్ అంకె చెక్కాడు. ఎఫీ గది చట్రం మీద ఉన్నది నాలుగు. బల్ల మీది రెక్క అంచున చూశాను. ముందు నిలువు గీత, తర్వాత ఐదు. నాలుగే. కాకపోతే ఐదు తలకిందులుగా ఉంది. నూరేళ్ల కిందటి పనివాడు, తొందరలో చెక్కి ఉంటాడు అనుకున్నాను. ముప్పై ఏళ్లుగా పిల్లల అంకెలు దిద్దుతున్నవాణ్ణి, అతని అంకెనూ మనసులోనే దిద్దేశాను. అదీగాక మోయిరా ముందుగా ఎఫీ కిటికీయే చేసి ఉంటుందని నాకు గట్టి నమ్మకం.

రెక్క చట్రంలోకి దిగలేదు. ఒక్కో పక్కా రెండు నూళ్లు, అంటే పావు అంగుళం, వెడల్పు ఎక్కువైంది. వానల్లో కర్ర ఉబ్బుతుందని మోయిరా అనేది. ఉబ్బింది, చిత్రిక పట్టాలి అనుకున్నాను. చిత్రిక పట్టడం ఆమె చేస్తుంటే చూడటమే తప్ప నేనెప్పుడూ చేయలేదు. మొదట కర్ర పెచ్చులుగా లేచింది. తర్వాత చేయి కుదిరింది. రిము అనే ఇక్కడి అడవి చెట్టు కర్ర ఎర్రటి చుట్టలుగా రాలింది. ఒక పక్క, మళ్లీ రెండో పక్క. పెట్టి చూడటం, తీయడం, మళ్లీ పట్టడం. చీకటి పడేసరికి భుజాలు పట్టేశాయి. చాలా రోజుల తర్వాత ఆ రోజు ఒక పని చేశాననిపించింది.

ఆదివారం పొద్దున రెక్క దిగింది. తాళ్లు కట్టి, రెక్క పైకెత్తి పట్టుకుని ఎఫీని పిలిచాను. గదిలో ఎండ పడింది. అది కిటికీ గట్టు మీద చేతులు పెట్టి బయటికి చూసింది.

"నిజంగా నువ్వే చేశావా?"

"మరి?"

"పర్లేదే, మాస్టారూ!" అని నవ్వింది. మార్చి తర్వాత దాని నవ్వు అదే మొదటిది.

నేను రెక్క వదిలాను. అది నిలవలేదు. దబ్బున కిందికి వచ్చింది. ఎఫీ చప్పున చేతులు లాక్కుంది. వేళ్లకి దెబ్బ తగల్లేదు. రెక్క కింది మూల మాత్రం విచ్చుకుంది. అద్దానికీ కర్రకీ మధ్య వేలు పట్టేంత సందు. లప్పం ముక్కలు గట్టు మీద రాలాయి.

లాకీకి ఫోన్ చేశాను. ఎనభై ఒక్కేళ్ల మనిషి, చేతులు వణుకుతాయి. అయినా అరగంటలో కొండెక్కి వచ్చాడు.

"ఎవడు మాస్టారూ నీ చేతికి చిత్రిక ఇచ్చింది?" అంటూ లోపలికి వచ్చాడు. "వాణ్ణి ముందు తన్నాలి."

"కర్ర ఉబ్బింది, లాకీ. దిగలేదు."

"ఉబ్బిందా? బుర్ర ఉబ్బిందా?" అని రెక్కని బయటికి తీయించి మంచం మీద పడుకోబెట్టాడు. పైఅంచు మీద వేలు పెట్టి తడిమాడు. మంచం అటుపక్కకి నడిచాడు. నవ్వు ఆగిపోయింది.

"ఇటు రా. ఇక్కడ నిలబడి చదువు."

వెళ్లి నిలబడ్డాను. అటు నుంచి చూస్తే ఐదు తిన్నగా ఉంది. గీత దానికి కుడి పక్కన ఉంది. ఆరు. ముందు గది కిటికీ.

"ఇంటి లోపల నిలబడి చదవాలి దీన్ని," అన్నాడు లాకీ మెల్లగా. "నువ్వు వీధివైపు నుంచి చదివావు. ఈ ఇంట్లో ఏ రెండు కిటికీలూ ఒక కొలత కావు మాస్టారూ. గుండ్లూ అంతే. ఎఫీ గది గుండ్లు దీని బరువు ఆపలేవు."

"మరి ఎఫీది?"

"షెడ్డులో గోడకి ఆనించి ఉన్నదే. అది బాగా పుచ్చింది. దానికి ఆరిన పాత రిము కావాలంది. నేను తెస్తానన్నా. వచ్చే వారం, వచ్చే వారం అన్నా." విచ్చిన మూలను బొటనవేలితో దగ్గరికి నొక్కాడు. "అందుకే ముందు ఇది చేసింది."

"దీన్నే ఇక్కడ మేకులు కొట్టి బిగిస్తే? ఈ చలికాలం వరకు?"

"మూల విచ్చింది. గాలివానకి అద్దం ఊడి పిల్ల మంచం మీద పడుతుంది. మేకులు కొడితే తెరవడమెట్లా? డాక్టరు ఏం చెప్పింది?"

"మీరు బాగుచేయలేరా? ఏదో ఒకటి, ఈ రెండింట్లో?"

లాకీ తన రెండు చేతులు ముందుకు చాచి చూపించాడు. వణుకుతున్నాయి. నేను చూడటం అయ్యాక జేబుల్లో పెట్టుకున్నాడు.

"ఎఫీదానికి అడుగు కర్ర కొత్తది చెక్కాలి. నా వల్ల కాదు. ఇంకొకణ్ణి పిలిస్తే ఈ సీజన్‌లో రెండు నెలలు. దీనికైతే రెండు పక్కలా పట్టీలు అతికించి, మూలలు బిగిస్తే మళ్లీ ముందు గదికి పనికొస్తుంది. తొందర లేదు. నేను చెబుతుంటే నువ్వే చెయ్యొచ్చు."

వెళ్లబోతూ గుమ్మంలో ఆగాడు.

"పక్క మీద మోయిరా ఏం రాసిందో చూశావా, చిత్రిక పట్టే ముందు?"

"ఏ పక్క?"

"అయ్యో, మాస్టారూ. రెక్క పక్క మీద, చట్రంలో దాగిపోయే చోట మేం పెన్సిలుతో రాస్తాం. తేదీ, ఆ రోజు వాన పడిందో ఎండ కాసిందో. నేనే నేర్పా మోయిరాకి. వందేళ్ల తర్వాత విప్పినవాడు చదువుకుంటాడని."

నేను షెడ్డుకి వెళ్లాను. నేలంతా శుభ్రంగా ఉంది. పొట్టు ఊడ్చి గోనెసంచిలో ఎత్తింది నేనే. ఎఫీ పొయ్యి అంటించడానికి పనికొస్తుందని ఇంట్లో పెట్టాను. వంటింట్లోకి వెళితే సంచి మడతపెట్టి ఉంది. పొయ్యి బాగా మండుతోంది.

"భలే అంటుకుంది నాన్నా," అంది ఎఫీ. "ఒక్క అగ్గిపుల్లతో."

"మంచిది," అన్నాను.

సంచి విదిలించాను. అడుగున నాలుగు చుట్టలు మిగిలాయి. మూడిటి మీద ఏమీ లేదు. ఒకదాని మీద బూడిదరంగు గీత ఉంది. అది అక్షరమో, చిత్రిక మరకో తెలియలేదు. తేదీ ఏమిటో నాకు తెలుసు, ఆమె పోయిన మంగళవారమే. ఆ పొద్దున వాన పడిందా, ఎండ కాసిందా అని గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించాను. గొడుగు తీసుకెళ్లానా? ఆమె వాకిట్లోకి వచ్చిందా? ఏదీ గుర్తులేదు.

తర్వాత షెడ్డులోని రెండో రెక్కను వెలుగులోకి తెచ్చి చూశాను. ఈసారి నాలుగు వైపుల నుంచీ చదివాను. పక్క మీద సన్నటి పెన్సిలు రాత ఉంది. "ఎఫీ గది. విప్పిన రోజు ఎండ. కింది కర్ర మొత్తం పోయింది. లాకీ తెచ్చే కర్ర కోసం చూస్తున్నా." అంతే. లాకీకి చూపించలేదు.

సోమవారం పదకొండు గంటలకు బడిలోంచే ఫోన్ చేశాను. ఎఫీ గది కిటికీ మార్చేయమన్నాను. ఒక్కటేనా సార్, ముందు గదిది కూడా ఊగుతోంది కదా అన్నాడతను. ఒక్కటే అన్నాను. ఆ రోజు ఐదో తరగతికి భాగహారం చెప్పాను.

చెప్పినట్టే మూడో వారంలో వచ్చారు. చట్రాన్ని ఇనుప కడ్డీతో పెకలించారు. నూరేళ్ల మేకులు పెద్దగా అరిచాయి. నాలుగో నంబరు ఉన్న కర్ర మిగతా ముక్కలతో పాటే లారీ ఎక్కింది. గుండ్లు ఉంచుకుంటారా అని అడిగారు. రెండూ తీసుకుని షెడ్డులో పెట్టాను. సాయంత్రానికి కొత్త కిటికీ బిగించారు. ఎఫీ రెండు మూడుసార్లు తెరిచి మూసింది.

"బాగా మూసుకుంటోంది," అంది. కొంచెం ఆగి, "చప్పుడే లేదు," అంది.

ఆ రాత్రి దాని గదిలోంచి పిల్లికూతలు వినపడలేదు. తర్వాత కూడా పెద్దగా రాలేదు. గోడ మూలలు ఆరాయి. జులైలో మంచు పడినప్పుడు అది కిటికీ దగ్గర కూర్చుని, చేయి అద్దానికి ఆనించి, "చల్లగా లేదు చూడు" అని నన్ను పిలిచింది.

లాకీ రిము పట్టీలు రెండు తెచ్చి ఇచ్చాడు. ఒక్కోటి రెండు నూళ్ల మందం, సరిగ్గా ఒక్కో పక్క నేను తీసేసినంత. జిగురు డబ్బా కూడా ఇచ్చాడు. ప్రతి మంగళవారం వస్తాడు, టీ తాగుతాడు, ఇవాళ అతికిద్దామా అంటాడు. వచ్చే వారం అంటాను. ఆ పట్టీలు అతుక్కుంటే ఆమె రాసిన చోటు వాటి కింద కప్పుకుపోతుంది. అక్కడ ఇప్పుడు రాత లేదని నాకు తెలుసు.

ఎఫీకి పొట్టు సంగతి చెప్పలేదు. ముందు గది కిటికీకి ప్లైవుడ్డే ఉంది. పట్టీలు ఇంకా అతికించలేదు.