నగ్మా పగటి నిద్ర

సత్తెనపల్లి దాటాక రోడ్డు పక్కనున్న రేకుల షెడ్డులో ఆడకూలీలు మిరపకాయలకు తొడిమలు తీస్తున్నారు. ముక్కులకు కొంగులు బిగించుకున్నా ఘాటుకు తుమ్ములు ఆగడం లేదు. ఎవరో తన మొగుడి గురించి వేళాకోళంగా ఏదో అంటే అందరూ విరగబడి నవ్వారు. వాళ్లతోపాటు నవ్వబోయిన నగ్మా మెడ ఒక్కసారిగా వాలిపోయింది. చేతిలోని కాయ జారింది. పక్కనున్న గోనెసంచి మీదకు ఒరిగి, అలాగే నిద్రలోకి వెళ్లిపోయింది.

మేస్త్రీ కోటేష్ ఆమె జడలో రెండు ఎండుమిరపకాయలు గుచ్చి ఫోను తీశాడు.

"చూశారా, మహారాణీ గారు పవళించారు!" అంటూ వీడియో పట్టాడు.

సాయంత్రానికల్లా అది ఊరి వాట్సాప్ గ్రూపులో తిరిగింది. నవ్వు బొమ్మలు పెట్టినవాళ్లలో చదువుకున్నవాళ్లూ ఉన్నారు, ఆడపిల్లల తండ్రులూ ఉన్నారు. ఆ గ్రూపులో మనం ఉంటే ఏం చేసేవాళ్లమో మన మనసుకే తెలియాలి.

అదే షెడ్డులో పనిచేసే నగ్మా అత్త మస్తాన్‌బీకి తల కొట్టేసినట్టయింది.

"రాత్రీ నిద్రే, పగలూ నిద్రే. నలుగురిలో నా పరువు తియ్యడానికే దాపురించావా?" అని కోడల్ని కడిగేసింది.

ఇంటర్ పరీక్ష హాల్లో నిద్రపోయి తప్పినప్పటి నుంచీ నగ్మా ఈ మాటలు వింటూనే ఉంది. పుట్టింటివాళ్లు దర్గాలో తాయెత్తు కట్టించారు. అత్తింటివాళ్లు మిరియాల కషాయం తాగించారు. ఏదీ పని చేయక, చివరికి తాను బద్ధకస్తురాలినేనని ఆమే నమ్మేసింది.

ఒకనాటి మధ్యాహ్నం నగ్మా గంజి వారుస్తోంది. కూతురు ముందుకొచ్చి నానమ్మ నడకను అనుకరిస్తూ గెంతింది. నగ్మాకు నవ్వొచ్చింది. అంతే, మోకాళ్లు పట్టు తప్పి కూలబడింది. కాగే గంజి కుడిచేతి మీదకు ఒలికింది. మస్తాన్‌బీ పరుగున వచ్చింది. కోడలి కళ్లు తెరిచే ఉన్నాయి. కన్నీళ్లు కారుతున్నాయి. చెయ్యి మాత్రం ఆ గంజిలోంచి కదలడం లేదు. మస్తాన్‌బీయే దాన్ని పట్టి ఇవతలికి లాగింది.

కాలుతున్న చేతిని లాక్కోలేని బద్ధకం ఎక్కడైనా ఉంటుందా? ఆ రాత్రి ఆ ముసలామెకు నిద్ర పట్టలేదు. మర్నాడే కోడల్ని బస్సెక్కించి గుంటూరులో నరాల డాక్టరు దగ్గరకు తీసుకెళ్లింది. ఆయన నిద్ర పరీక్షలన్నీ చేయించి, రిపోర్టులు చూసి చెప్పాడు.

"దీన్ని నార్కోలెప్సీ అంటారమ్మా. నిద్రనీ మెలకువనీ అదుపు చేసే చోట, మెదడులో లోపం. నవ్వినా, కోపం వచ్చినా ఒళ్లు పట్టు తప్పడం కూడా ఇందులో భాగమే. పూర్తిగా పోదు. మందులు వాడుతూ, పగలు వేళకు కాసేపు పడుకుంటే చాలావరకు అదుపులో ఉంటుంది."

"గాలీ ధూళీ కాదా అయ్యా? బద్ధకం కాదా?"

"రెండూ కాదు. మీరు రెండు రాత్రులు కన్ను మూయకుండా పనిలోకి వెళ్తే ఎలా ఉంటుందో, ఈ అమ్మాయికి రోజూ అలా ఉంటుంది."

తిరుగు బస్సులో నగ్మా ఏడుస్తుందేమోనని మస్తాన్‌బీ అనుకుంది. కానీ ఆమెకు వచ్చింది కోపం. తనది కాని తప్పుకు ఇన్నేళ్లూ తిట్లు మింగినందుకు కోపం.

ఇంట్లో పద్ధతులు మారాయి. వేడి గిన్నెలు దించే పని భర్త మాలిక్ తీసుకున్నాడు. నగ్మా ఒంటరిగా కాలవకు వెళ్లడం మానేసింది. అమ్మ కూలబడితే అరవకుండా తల కింద దిండు పెట్టడం కూతురు నేర్చుకుంది. మందులు మొదట్లో తలనొప్పి తెచ్చాయి. కొన్ని రోజులు అవి కూడా నిద్ర ముందు ఓడిపోయేవి.

షెడ్డులో మాత్రం ఏదీ మారలేదు. అన్నం తిన్నాక నగ్మా గోనెపట్టా పరుచుకుంటే కోటేష్ మండిపడ్డాడు.

"ఇదేమన్నా లాడ్జీ అనుకున్నావా? నిద్రక్కూడా జబ్బు పేరు పెట్టుకొచ్చావే!"

అతను ఫోను చేస్తే యజమాని శివరామకృష్ణ వచ్చాడు. ఆయన మాట మెత్తన.

"సరుకు కొనేవాళ్లు వస్తుంటారమ్మా. చూస్తే ఏమనుకుంటారు? ఒంట్లో బాగోకపోతే ఇంట్లో ఉండు. లేదంటే ఆ బస్తాల వెనక, ఎవరికీ కనపడకుండా పడుకో."

నగ్మాకు ఒళ్లు మండింది. కోపం వస్తే కాళ్లు నిలవవని ఆమెకు తెలుసు. అందుకే నేల మీద గట్టిగా చతికిలబడి మరీ మాట్లాడింది.

"చాటున ఎందుకు పడుకోవాలండీ? నేనేం దొంగతనం చేశానా? తీసిన కాయల తూకాన్ని బట్టేగా మీరు కూలిచ్చేది! నేను పడుకుంటే పోయేది నా కూలే. మేస్త్రీ గారు మాటిమాటికీ బీడీకి బయటికెళ్తారు. ఆయన్ని ఎవరన్నా వీడియో తీశారా? నేను ఇక్కడే, అందరి ముందే పడుకుంటా. మాన్పిస్తే, ఎందుకు మాన్పించారో కూడా అందరి ముందే చెప్పండి!"

చివరి మాటలు ముద్దగా వచ్చాయి. మెడ వాలిపోయింది. అలవాటు కొద్దీ కోటేష్ చెయ్యి ఫోను మీదకు వెళ్లింది. మస్తాన్‌బీ కోడలికి అడ్డంగా వచ్చి నిలబడింది.

"తియ్యి కోటేశూ, తియ్యి! ఇది నా కోడలు. దీని జబ్బు పేరు నార్కోలెప్సీ. నాకే పలకడం వచ్చింది, నీకు రాదా? ఈ మాట కూడా గ్రూపులో పెట్టు!"

కోటేష్ ఫోను జేబులోకి పోయింది. ఒకామె లేచి తన పట్టా మడిచి నగ్మా తల కింద పెట్టింది. మిగతావాళ్లు పని ఆపి యజమాని వైపే చూస్తూ కూర్చున్నారు. ఆయన ఆగిపోయిన పని వైపు చూసి, "సరే, కానివ్వండి" అని వెళ్లిపోయాడు.

అప్పటి నుంచి నగ్మా రోజూ షెడ్డు నడిమధ్యనే పడుకుంటోంది. లేచాక చకచకా పని అందుకుంటోంది. తరగతిలో నిద్రపోతున్నాడని బడిలో దెబ్బలు తింటున్న కొడుకును తీసుకుని ఒక తల్లి ఆమె దగ్గరకు వచ్చింది. ఆ డాక్టరు ఎక్కడుంటాడో నగ్మా వివరంగా చెప్పి పంపింది. కోటేష్ మాత్రం మారలేదు. ఒకరోజు ఆమె పట్టా పరుస్తుంటే అందరికీ వినపడేలా పకపకా నవ్వాడు.

నగ్మా పడుకోబోతూ ఆగి, తలెత్తి అతన్ని సూటిగా చూసింది.

"నిద్ర ఆపుకోలేకపోవడం నా జబ్బు, అది చూసి నవ్వడం మీ జబ్బు. నాది బతికున్నంత కాలం పోదు, మీది మీరు తలుచుకుంటే ఇవాళే పోతుంది!"