రెండో రెక్కలు

కోడలు ఇల్లు చేరేసరికి అత్తయ్య గుమ్మంలోనే ఎదురొచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"నీ పెళ్ళికొడుకు వచ్చేశాడమ్మాయ్. మధ్యాహ్నం రెక్కలొచ్చాయి. కిటికీ తెర మీద వాలితే మెల్లిగా పట్టి సీసాలో వేసేశాను."

ఒక చెప్పు విప్పిన కోడలు రెండోది విప్పడం మరిచిపోయింది.

"ఏ సీసాలో?"

"స్పిరిట్ సీసాలోనే. ఇన్నేళ్ళు నీతో కాపురం చేసి ఆమాత్రం తెలీదా నాకు?"

వంటింటి గట్టు మీద, ఉప్పు డబ్బా పక్కన ఉంది సీసా. పురుగు అడుగున పడి ఉంది. రెక్కలు బూడిద రంగులో, మసకగా ఉన్నాయి. కోడలు సీసా ఎత్తి వెలుతురుకు పెట్టి చూసింది; ఆ మసక పోలేదు.

సీసాలోది మేఫ్లై అనే పురుగు. దాని పిల్లపురుగు వాగు అడుగున, రాళ్ళ కింద నెలల తరబడి బతుకుతుంది. రెక్కలొచ్చాక ఉండేది ఒకటి రెండు రోజులే. అందులోనూ ఒక పేచీ. రెక్కలొచ్చాక కూడా అది ఇంకోసారి కుబుసం విడుస్తుంది. అప్పుడు గానీ రెక్కలు అద్దంలా తేటపడవు, మగదాని అవయవాలు పూర్తిగా రూపు కట్టవు. జాతి తేల్చేది వాటిని చూసే.

ఈ జాతికి పేరు పెట్టింది పురుగుల మీద పరిశోధన చేసే కోడలే, పిల్లపురుగును మాత్రమే చూసి. తర్వాత ఒక పెద్ద శాస్త్రవేత్త దాన్ని వేరే ప్రజాతి కుదురులోకి మార్చాడు. ఇంకొకాయన ఒక్క కాలు నూరి, జన్యువులు చూసి, పాత చోటికే తెచ్చి పక్కన ప్రశ్నార్థకం పెట్టాడు. అద్దె ఇల్లు మారినట్టు మారుతూనే ఉంది గానీ, ఎదిగిన మగపురుగును మాత్రం ఎవరూ చూడలేదు. ఈ ప్రాంతపు జాతుల పుస్తకం అచ్చుకు వెళ్ళబోతోంది. ఎదిగిన మగపురుగు దొరక్కపోతే దీన్ని పక్క జాతిలో కలిపేస్తామన్నాడు సంపాదకుడు. అలా కలిపేస్తే, ఈ జాతి దొరికిన ఆ ఒక్క వాగులో కాపాడాల్సింది ఏమీ లేనట్టే. వాగు గట్లకు సిమెంటు వేయాలని చూస్తున్నవాళ్ళకు కావలసిందీ అదే.

ల్యాబుకు సాయంత్రం తాళం పడగానే గాలి పంపు ఆపేస్తారని, పిల్లపురుగులున్న నీళ్ళ తొట్టి తెచ్చి ఇంట్లో పెట్టుకుంది.

"ఇంకో పూట ఆగాల్సింది అత్తయ్యా. మళ్ళీ కుబుసం విడిచేది."

"ఆలస్యం చేస్తే కుళ్ళిపోతుందని నువ్వేగా చెప్పావు?"

"అది చచ్చినవాటికి."

"చచ్చినవాటికో మాట, బతికినవాటికో మాట అని నాకెవరు చెప్పారు?" అత్తయ్య గొంతు తగ్గింది. "తొట్టిలో ఇంకోటుందిగా."

"దానికి కళ్ళు చిన్నవి. ఆడది."

"అయితే?"

"ఆడదాన్ని చూసి జాతి తేల్చలేం."

"ఇక్కడా అంతేనన్నమాట," అంది అత్తయ్య, కాఫీకి నీళ్ళు పెడుతూ.

కోడలికి నవ్వు రాలేదు.

మర్నాడు ఆ ఆడదానికీ రెక్కలొచ్చాయి. ఈసారి అత్తయ్య చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. సాయంత్రానికి కిటికీ తెర మీద మసక చొక్కా విప్పేసి తళతళలాడుతూ బయటికొచ్చింది పురుగు. తను పేరు పెట్టినదాన్ని ఇలా చూడడం కోడలికి ఇదే మొదటిసారి. చక్కగా ఉంది. దేనికీ పనికిరాదు.

సంపాదకుడికి ఫోన్ చేస్తే, ఆడపురుగు గురించి ఒక వాక్యం రాయమన్నాడు. కలిపేయడం మాత్రం ఆగదన్నాడు.

కోడలు ఆడదాన్నీ ఇంకో స్పిరిట్ సీసాలో వేసి, వంటింటి గట్టు దగ్గర కూర్చుని రెండు సీసాలకూ చీటీలు రాయడం మొదలుపెట్టింది. ఏ వాగు, ఏ రోజు, మగదా ఆడదా. మగదాని చీటీలో 'పక్వం కాలేదు' అని రాసి ఆగింది.

"ఇంకేం రాయాలి?" అంది అత్తయ్య.

"పట్టినవాళ్ళ పేరు."

అత్తయ్య మగదాని సీసా వైపు చూసింది. "రాయకపోతే ఏమవుతుంది?"

"రాయకపోతే ఆ చీటీ చెల్లదు."

కోడలు అత్తయ్య పేరు చిన్న అక్షరాలతో రాసి, చీటీ మడిచి సీసాలోకి జారవిడిచింది.

"మళ్ళీ ఎప్పుడొస్తాయి ఇవి?"

"వచ్చే ఏడాది," అంది కోడలు, మూత బిగిస్తూ. "అప్పటికి ఆ రాళ్ళుంటే."