అపోండి బాణలి

నూనె ఇంకా చల్లారకముందే బాణలిని పొయ్యి మీంచి దించేశారు. దించింది పోలీసులు కాదు, కోర్టు బంట్రోతులూ కాదు. నిన్నటిదాకా అపోండి పొయ్యి పక్కన కూర్చుని కబుర్లాడిన అప్పు సంఘం ఆడవాళ్లు. నూనెను మట్టిలో పారబోసి, బాణలి చెవులకు గుడ్డలు చుట్టి, కిసుము శివారు ఒబుంగా వాడ సందులోంచి మోసుకుపోయారు. ముందు నడిచింది సంఘం పెద్ద ఆలూచ్. ఆమె అపోండికి సొంత తోటికోడలు, అపోండి మొదటి కాన్పుకి పురుడు పోసిన మనిషి.

"అక్కా, నువ్వు కూడానా?" అని మాత్రం అనగలిగింది అపోండి.

"నోర్ముయ్యవే. నీ బాకీ మా నెత్తిన పడితే మా పిల్లలకేం పెట్టుకోవాలి?" అంది ఆలూచ్, వెనక్కి తిరక్కుండానే.

అప్పుల కంపెనీ ఆఫీసరు ఒనేకో దూరంగా మోటారుసైకిలు మీద కూర్చుని ఫోను చూసుకుంటున్నాడు. వాడి చేతికి మసి అంటదు. కంపెనీ ఏర్పాటే అలాంటిది. పదిమందిని ఒక సంఘంగా కట్టి అప్పిస్తుంది. ఒకరికొకరు పూచీ. వారం వారం చర్చి పాకలో కూర్చోవాలి, ఒక్కరి వాయిదా తగ్గినా ఎవరూ లేవకూడదు, చంటిబిడ్డ గుక్కపట్టి ఏడ్చినా సరే. దీనికి ఐకమత్యమని పేరు పెట్టారు. సిగ్గులేని మాట!

బాకీ ఎందుకు పడిందో అందరికీ తెలుసు. ఫ్యాక్టరీ చేప కండంతా కోసి విదేశాలకు పంపి, తలా ముల్లూ వీళ్లకు అమ్ముతుంది. వాటిని వేయించి అమ్ముకోవడమే ఒబుంగా ఆడవాళ్ల బతుకు. ఊరి పక్క సరస్సులో చేప తగ్గిందని ఫ్యాక్టరీ గేటు మూసింది. కంపెనీ మాత్రం వాయిదా ఆపలేదు.

బాణలి పోయాక అపోండి డబ్బున్నోళ్లుండే మిలిమాని బంగళాల్లో బట్టలుతికింది. ఫ్యాక్టరీ మళ్లీ తెరిచాక ఒకరోజు బజారులో నడుస్తూ ఆలూచ్ పొయ్యి ముందు ఆగిపోయింది. పొయ్యి మీది బాణలి అంచుకు ఒక అతుకు ఉంది. అది చనిపోయిన తన మొగుడు సుత్తితో కొట్టిన అతుకు. కంపెనీ అమ్మకానికి పెడితే ఆలూచే చవగ్గా కొనుక్కుంది.

అపోండి ఇంటికి పోయి తలుపేసుకుని ఏడ్చింది. పురుడు పోసిన చేతులే తన పొయ్యి ఆర్పాయన్న మాట ఆమెకు మింగుడు పడలేదు.

ఆ కసితోనే ఫ్యాక్టరీ కార్మికుల యూనియన్ గదికి వెళ్లింది. యూనియన్ పెద్ద మగేరో అంతా విన్నాడు.

"కోర్టు ఆర్డరు చూపించాడా?"

"ఒనేకో నోరే ఆర్డరు."

"పొట్టకూటి పనిముట్టు జోలికి కోర్టే పోదమ్మా, వాడెవడు? తీర్చలేనని నీ అంతట నువ్వే సర్కారు ఆఫీసులో దివాలా దరఖాస్తు పెట్టుకోవచ్చు."

"దివాలా అంటే జైలేనంటగా?"

"ఉండీ దాచుకున్నోళ్లకి జైలు, లేనోళ్లకి కాదు. కాకపోతే కొన్నేళ్లు కొత్త అప్పు పుట్టదు. పరువు పోయిందని జనం అంటారు."

"నా పరువు ఎప్పుడో ఆలూచ్ పొయ్యి మీదకెక్కిందిలే."

మగేరో నవ్వలేదు. "ఇంకో సంగతి. నువ్వొక్కదానివే బయటపడితే నీ బాకీ పూచీ పడ్డోళ్ల మెడకి చుట్టుకుంటుంది."

"చుట్టుకోనీ!" అంది అపోండి. చాన్నాళ్లకు కడుపు చల్లబడినట్టనిపించింది.

ఆ మాట సంఘం ఆడవాళ్ల ముఖానే చెప్పి పోదామని చర్చి పాకకు వెళ్లింది. ఆ వారం వాయిదా తగ్గింది ఆలూచ్‌ది. ఫ్యాక్టరీ ముళ్ల ధర పెంచేసింది మరి. ఒనేకో అపోండిని చూసి తియ్యగా నవ్వాడు.

"నీ బాణలేగా ఆమె దగ్గరుంది? వెళ్లి ఎత్తు. నీ బాకీ సగం కొట్టేస్తాను."

ఆలూచ్ తల దించుకుంది. తల్లి బదులు ఆమె పెద్దపిల్ల చేపలు వేయిస్తున్న పొయ్యి దగ్గరికి అంతా నడిచారు. బజారు జనం మూగారు. అపోండి కొంగు చుట్టి ఒక చెవి పట్టుకుంది. రెండో చెవి పట్టుకోమని సంఘంలోని అడోయోకి చెప్పాడు ఒనేకో. అడోయో నెలలు నిండిన మనిషి. ఆమె చేతులు గడగడా వణుకుతున్నాయి.

"నా బాణలి మోసినప్పుడూ ఇలాగే వణికాయా?" అంది అపోండి.

"వణికాయక్కా. వాడు అప్పుడూ బండి దిగలేదు."

అపోండి తిరిగి చూసింది. ఒనేకో మోటారుసైకిలు మీదే ఉన్నాడు. ఆమె చెవి వదిలేసింది.

"దిగు. నువ్వే ఎత్తు."

"నా పని కాదది."

"మరెవరి పని? మా పనా?"

"ఎత్తవయ్యా! నూనె కాగుతోంది, చూసి ఎత్తు!" అని గుంపులోంచి ఎవరో కేకేశారు. నవ్వులు లేచాయి. ఒనేకో ఎవరికో ఫోను చేస్తూ బండిని వెనక్కి నెట్టాడు.

"వినండి," అంది అపోండి. "రేపు నేనొక్కదాన్నే దివాలా పెట్టి, మిమ్మల్ని నిలువునా ముంచుదామనే వచ్చాను. మీరు నాకు చేసింది అంతకంటే తక్కువేం కాదు. అప్పుడు మళ్లీ మీరూ మీరూ పీక్కుతింటారు, వాడు బండి మీద కూర్చుని చూస్తాడు. అందుకే అందరం సర్కారు ఆఫీసుకి పోదాం. పదిమందిమీ తీర్చలేమంటే వాడు ఎవరి పూచీ పట్టుకుంటాడు?"

"దివాలా ఆడదని పేరొస్తే నా కూతుర్నెవరు చేసుకుంటారే?" అంది ఒకామె.

"పొయ్యి లేని ఆడదాని కూతుర్ని చేసుకుంటారా?" అంది అడోయో.

వాదులాట చాలాసేపు సాగింది. చివరికి ఒక్కొక్కరే పోయి, వెనక వాడి చేతికి చిక్కకుండా తమ బాణళ్లు తెచ్చుకున్నారు. ఈసారి నూనె మట్టిలో పోయలేదు, జాగ్రత్తగా డబ్బాల్లోకి వంపుకున్నారు. బాణళ్లు నెత్తిన బోర్లించుకుని సర్కారు ఆఫీసుకని కిసుము రోడ్డెక్కారు. ఎదురుగా పోలీసు జీపు అడ్డంగా వచ్చి ఆగింది. జీపులోంచి వేలు చూపిస్తున్నాడు ఒనేకో.

అతుకు బాణలిని ఆలూచ్ అపోండి ముందు దించింది. "నీది నీకే. నన్ను క్షమించవే."

"క్షమించలేదు," అంది అపోండి. "ఆ చెవి పట్టుకో, బరువుగా ఉంది."

ఇద్దరూ చెరో చెవి పట్టుకుని జీపు వైపు నడిచారు. వెనక ఎవరూ ఆగలేదు.